గల్లా పట్టుకుంటే కరాటే పనికొస్తదా?

మా చెల్లె కొడుకు ఎనిమిదో తరగతి. నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతున్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు.

"మామా, కరాటే నేర్చుకుంటే ఇగ నా జోలికి ఎవ్వరూ రారు గదా?"

"ఎవరొస్తున్నర్రా నీ జోలికి?"

వాడు పప్పు గిన్నె వైపు చూశాడు. రెండు రోజుల తర్వాత డాబా మీద పతంగి ఎగరేస్తూ, మొహం ఆకాశం వైపే పెట్టుకుని మొత్తం చెప్పాడు. స్కూల్ బస్సులో వెనక సీటు బ్యాచ్. తొమ్మిదో తరగతి వాళ్లు ముగ్గురు. ఒకరోజు బ్యాగు దాచిపెడతారు. ఒకరోజు టిఫిన్ డబ్బా తెరిచి అందులో ఏముందో బస్సంతటికీ చాటుతారు. ఒకసారి మెట్ల దగ్గర గల్లా పట్టుకుని గోడకు నొక్కారు, చొక్కా పై గుండీ ఊడింది. ఆ గుండీ మా చెల్లెనే కుట్టింది. ఎట్లా ఊడిందో ఆమె అడగలేదు, వాడూ చెప్పలేదు.

సంగతి తెలిసిన మరునాడే మా చెల్లె కరాటే క్లాసుల ఫీజు కనుక్కుని వచ్చింది. "అన్నా, చేర్పించేద్దామా?" అంది. నాకు సరేనని అనబుద్ధి కాలేదు, వద్దని అనబుద్ధీ కాలేదు. డిగ్రీ రోజుల్లో మూడేళ్లు కరాటే చేసి గ్రీన్ బెల్ట్ దగ్గర ఆపేసినవాణ్ణి నేను. అంతకుముందు ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ణి. ఏది ఎక్కడ అక్కరకొచ్చిందో, ఏది రాలేదో ఒంటికి తెలుసు. ఆ తెలిసిందాన్ని చదివినవాటితో సరిచూసుకుని చెల్లెకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

బళ్లో నిజంగా జరిగేదేమిటి

కరాటే పనికొస్తుందా అని అడిగేటప్పుడు మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. ఖాళీ జాగా, ఎదురెదురుగా ఇద్దరు. ఒకడు చెయ్యెత్తుతాడు, రెండోవాడు అడ్డుకుని తిరిగి ఒకటిస్తాడు. బళ్లో ఇట్లాంటి ముహూర్తం చాలా తక్కువసార్లు వస్తుంది. ఎన్నో దేశాల సర్వేలను కలిపి చూసి యునెస్కో 2019లో ఒక లెక్క చెప్పింది. గడిచిన నెలలో ఒక్కసారైనా తోటిపిల్లల వేధింపు పడ్డ విద్యార్థులు 32 శాతం, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. ఈ వేధింపుల్లో కొట్టడం, తన్నడం ఉన్నాయి. పేర్లు పెట్టడం, రంగునీ ఒడ్డూ పొడుగునీ ఎగతాళి చేయడం, ఆటలోంచి వెలేయడం కూడా ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో నీ ఫొటోకు గాడిద చెవులు అంటించినవాణ్ణి ఏ కరాటే బ్లాక్‌తో ఆపుతావు?

ఒంటి మీదికి వచ్చేవాటికి కూడా ఒక పద్ధతి ఉంటుంది. నెట్టడం, గల్లా పట్టుకోవడం, వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యేసి లాగడం, బ్యాగు పట్టి గుంజడం, కాలు అడ్డం పెట్టడం. మొదటి దెబ్బ పడేదాకా వస్తే అప్పటికే ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఉంటారు. జాగా చూడబోతే రెండు బెంచీల మధ్య సందు, మెట్ల మలుపు, బస్సు నడవ. వీపు మీద పుస్తకాల బరువు. కరాటేలో మొదటి రోజు నేర్పే వెడల్పాటి నిలకడ వేయడానికి అక్కడ కాళ్లు చాపే చోటే ఉండదు. పైగా ఎదురుగా ఉండేది ఒక్కడు కాదు. ఒకడు పట్టుకుంటాడు, ఇద్దరు నవ్వుతారు, పదిమంది చూస్తారు.

పాలమూరు వైపు ఈ లెక్క ఇంకో రకంగా ఉంటుంది. నారాయణపేట, మక్తల్, కొడంగల్ పల్లెల నుంచి అమ్మానాన్నలు ముంబయికో పుణెకో హైదరాబాదుకో పనికి పోతారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. అక్కడ సతాయించే సీనియర్ స్కూలు వదిలాక ఇంటికి పోడు. పక్క మంచం మీదే పడుకుంటాడు. పగలు వాడి దవడ పగలగొట్టినా రాత్రి అదే గదిలో నిద్రపోవాలి. అక్కడ పిల్లాడికి బెల్టు కన్నా ముందు కావాల్సింది మాట్లాడటానికి ఒక వార్డెనో, ఫోన్ ఎత్తే ఒక మేనమామో.

బడి కోసం పుట్టిందే, బడి కొట్లాట కోసం కాదు

మన జిల్లాల్లో పిల్లలు తెల్లారి తెల్ల డ్రెస్సులు వేసుకుని వరసల్లో నిలబడి, మాస్టర్ "ఇచి, ని, సాన్" అని లెక్కపెడుతుంటే చేసే కరాటే అసలు బడి కోసమే తయారైంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా విషయాలు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

జపాన్‌కు దక్షిణాన ఒకినావా దీవులున్నాయి. అక్కడ కరాటేను గురువులు ఒకరిద్దరు శిష్యులకు గుట్టుగా నేర్పేవారు. ఇతోసు ఆంకో అనే పెద్దాయన 1901 ప్రాంతంలో దాన్ని అక్కడి ప్రాథమిక పాఠశాలలోకి తెచ్చాడు. బడి అంటే ఒక మాస్టర్, యాభై మంది పిల్లలు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని నేర్చుకునే విద్యను అట్లా నేర్పలేం. అందుకే ఆయన దాన్ని వరసల్లో, లెక్క ప్రకారం, అందరూ ఒకేసారి చేసేటట్టు మార్చాడు. చిన్నపిల్లలకు సరిపోయేలా పినాన్ అనే ఐదు కటాలు, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికల పాఠాలు, కూర్చాడు. ఇది విద్యార్థుల ఒంటిని గట్టి చేస్తుందని, రేపు సైన్యానికి కూడా పనికొస్తుందని 1908లో అధికారులకు ఉత్తరం రాశాడు. అంటే ఆయన అడిగింది ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పీఈటీ పీరియడ్. ఆయన దగ్గర నేర్చుకున్న ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి కరాటేను జపానంతా పాకించాడు. పినాన్‌కు హెయాన్ అని పేరు మార్చింది ఆయనే. ఎల్లో బెల్ట్ కోసం మన పిల్లాడు బట్టీ పట్టే "హెయాన్ షోదన్" ఆ ఐదింటిలోదే.

కటాతో ఒళ్లు వంగుతుంది, ఊపిరి నిలుస్తుంది, పిల్లాడికి ఒకచోట నిలబడటం వస్తుంది. దాన్ని తక్కువ చేయను. కానీ కటాలో ఎదుటివాడు ఉండడు. గాలి ఎప్పుడూ నీ గల్లా పట్టుకోదు.

జూడో కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. దాన్ని పెట్టిన కానో జిగోరో బక్కపలచని పిల్లాడు. టోక్యోలో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు పెద్దపిల్లలు బాగా ఏడిపించేవారు. బలం లేనివాడు బలమున్నవాణ్ణి ఎట్లా పడేయవచ్చో నేర్పే విద్య ఒకటుందని విని, జుజుత్సు గురువుల కోసం వెతుక్కుంటూ పోయాడు. అచ్చం మా అల్లుడు అడిగిన ప్రశ్నే పట్టుకుని బయల్దేరాడన్న మాట. 1882లో ఒక గుడిలో పన్నెండు చాపల జాగాలో కోడోకాన్ అనే తన జూడో బడిని మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లే. ఆయన చేసిన పెద్ద పని ఒకటుంది. గుద్దులు, పొడుపులు లాంటి ప్రమాదకరమైన వాటిని సాధన పోటీలోంచి తీసేశాడు. ప్రమాదం తగ్గింది కాబట్టి మిగిలిన పట్లను పిల్లలు రోజూ పూర్తి బలంతో, ఒప్పుకోని మనిషి మీద, మళ్లీ మళ్లీ వేసి చూడగలిగారు. ఎంతో భయంకరమైన విద్య అయినా గాల్లో మాత్రమే చేస్తే ఆపదలో చెయ్యి ఆడదు. మామూలు పట్టే అయినా, ఎదిరించే మనిషి మీద వెయ్యిసార్లు వేసినవాడికి అది ఆలోచించకుండానే వస్తుంది. ఏ విద్య ఎక్కువ ఏది తక్కువ అనే వాదనంతా నా దృష్టిలో ఈ ఒక్క తేడా దగ్గరే తేలిపోతుంది.

పెంకులు తిరిగి కొట్టవు

ఆగస్టు పదిహేనుకో స్కూల్ యానివర్సరీకో స్టేజీ మీద పెంకులు పగలగొట్టడం మనందరం చూసిందే. పది బెంగళూరు పెంకులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, పిల్లాడు "కియా" అని అరిచి మోచేత్తో దించుతాడు, వాళ్ల నాన్న వీడియో తీస్తాడు. కడుపు మీద నుంచి మోటారుసైకిల్ పోనిచ్చే ఐటమ్ కూడా ఒకటుండేది. ఇప్పుడు కొంచెం తగ్గినట్టుంది, మంచిదే.

ఆ పెంకు రెండు చివర్లా ఆని, నడుమ గాలిలో ఉంటుంది. బాగా ఎండిన పెంకు వంగదు, విరుగుతుంది. సరిగ్గా మధ్యలో పడితే చిన్న దెబ్బకే రెండు ముక్కలు. నేనూ పగలగొట్టాను, ఆ రోజు నాకూ చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఎన్‌జీ కాలేజీ దగ్గర బస్సెక్కే తోపులాటలో ఒకడు నా గల్లా పట్టుకున్నాడు. మూడేళ్ల కరాటే ఏమైందో తెలియదు. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని నిలబడిపోయాను. బస్సు వెళ్లిపోయింది.

అది భయం అనుకుని చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, అది ఒంటి పద్ధతి. ఉలిక్కిపడినప్పుడు గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకవుతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు ఆడవు. తలలో ఎన్ని ఉపాయాలుంటే వాటిలో ఒకటి ఎంచుకోవడానికి అంత ఆలస్యమవుతుంది. అందుకే ఇరవై టెక్నిక్కులు తెలిసినవాడికన్నా రెండే తెలిసి, వాటిని టెన్షన్‌లో చేసి చూసినవాడు నయం.

అక్కరకొచ్చేవి చిన్నవి

అన్నిటికన్నా ముందు పడటం. నవ్వొద్దు. బళ్లో తగిలే పెద్ద దెబ్బలు ఎక్కువగా పిడికిలి వల్ల కాదు, నేల వల్ల. నెట్టితే వెనక్కి పడి బండకు తల కొట్టుకోవడం, పడుతూ చెయ్యి ఆనించి ముంజేయి విరగడం. పిల్లల్లో ఎక్కువగా విరిగే ఎముకలు ఆ ముంజేతివే. జూడోలో మొదటి వారాలన్నీ పడటమే నేర్పుతారు. దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించు, వీపు గుండ్రం చెయ్యి, చెయ్యి నిలువుగా ఆనించకుండా మొత్తం చేత్తో చాప మీద చరుచు. తల నేలకు తగలకూడదు, అంతే. కొట్లాటలో అవసరం రాకపోయినా వాన పడ్డ రోజు స్కూల్ వరండాలో వస్తుంది, సైకిల్ మీద నుంచి పడ్డప్పుడు వస్తుంది.

తర్వాత విడిపించుకోవడం. మణికట్టు పట్టుకున్నప్పుడు పట్టు ఎప్పుడూ బొటనవేలు వైపే బలహీనం. అటు తిప్పి లాగితే వస్తుంది, ఎదురు గుంజితే రాదు. గల్లా పట్టుకుంటే గడ్డం కిందికి దించి, వాడి చేతిని రెండు చేతులతో ఛాతీకి అదిమి, ఒళ్లంతా ఒక్కసారి పక్కకు తిప్పాలి. వాడి వేలు విరవాలన్న పంతం వద్దు. విడిపించుకుని, టీచర్ ఉన్న దిక్కుకు, పదిమంది ఉన్న చోటికి పోవడమే పని.

ఇక్కడ నేను చెప్పేది కొందరు కరాటే మిత్రులకు నచ్చకపోవచ్చు. ఈ రెండూ మన దగ్గర పైసా ఖర్చు లేకుండా నేర్పే ఆట కబడ్డీ. కూతకు పోయినవాడి మీద ఏడుగురు పడతారు. ఒకడు చీలమండ, ఒకడు నడుము, ఒకడు వెనక నుంచి వాటేస్తాడు. వాడు ముప్పై సెకన్లలో, గుక్క తిప్పుకోకుండా, పెనుగులాడి, గీత ముట్టుకుని బయటపడాలి. పట్టు పడగానే గుండె జారకపోవడం, పట్టు ఎటు వదులుగా ఉందో ఒంటితో కనిపెట్టడం, కింద పడ్డా లేవడం, ఆట అయ్యాక అదే మనిషితో కలిసి నీళ్లు తాగడం కూడా అందులోనే వచ్చేస్తాయి. బస్సు దగ్గర నన్ను కాపాడాల్సింది నా గ్రీన్ బెల్టు కాదు, నేను అప్పటికే మానేసిన కబడ్డీ. కుస్తీ తాలీం ఉన్న ఊరైతే ఇంకా మంచిది. మట్టిలో పడి లేచినవాడికి పడటమంటే భయముండదు.

మిగతావాటి గురించి తొందరగా చెప్పేస్తాను. తైక్వాండోలో తన్నులు అందంగా ఉంటాయి, ఒళ్లు బాగా సాగుతుంది. ఒలింపిక్ నియమాల్లో మొహం మీద పిడికిలితో కొట్టడం నిషేధం కాబట్టి పిల్లలు చేతులు కిందికి వదిలే అలవాటు చేసుకుంటారు. పైగా యూనిఫాం ప్యాంటు, అరిగిన బూట్లు, నున్నటి బండలు: తల ఎత్తుకు కాలు లేపితే ముందు పడేది నువ్వే. బాక్సింగ్ వల్ల దెబ్బకు కళ్లు మూసుకోకపోవడం అలవడుతుంది, అది గొప్ప సంగతే. అయితే గ్లవ్ లేని చేత్తో తలను గుద్దితే చిటికెనవేలి మొదట్లో ఎముక విరుగుతుంది. డాక్టర్లు దానికి బాక్సర్ల ఫ్రాక్చర్ అనే పేరు పెట్టారు. కర్రసాము చూడముచ్చటగా ఉంటుంది, కానీ బడికి కర్ర ఎవరు తీసుకుపోనిస్తారు? నేల మీద పడేసి పట్టే జుజుత్సు ఒక్కడి మీద బ్రహ్మాండం. చుట్టూ వాడి దోస్తులు ఇద్దరుంటే నేల మీద ఉండటమంత తప్పు మరొకటి లేదు.

అందుకే చెల్లెకు చెప్పాను, బోర్డు మీది పేరు చూడొద్దు, ఒక గంట కూర్చుని క్లాసు చూడమని. పిల్లలు జతలుగా చేస్తున్నారా, గాల్లోనేనా? జతలో రెండోవాడు నిజంగా ఎదిరిస్తున్నాడా, చెయ్యి చాపి బొమ్మలా నిలబడ్డాడా? పడటం నేర్పుతున్నారా? కింద చాపలున్నాయా, సిమెంటేనా? చిన్న పిల్లాడికి నొప్పి పుట్టి ఆపమంటే మాస్టర్ ఆపుతున్నాడా? మూణ్నెల్లకోసారి బెల్ట్ టెస్ట్, దానికి వేరే ఫీజు, ఏ ఒక్కడూ ఫెయిల్ కాడు అంటే అక్కడ అమ్ముతున్నది బెల్టులు. మంచి కరాటే మాస్టర్లు మన జిల్లాల్లో లేరని కాదు. మంచి మాస్టర్ కరాటేతో కూడా ఇవన్నీ నేర్పగలడు.

పన్ను ఊడితే

పిల్లాడు తిరగబడి కొట్టాడనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? తల్లిదండ్రులు ఎక్కువగా "వాడే ముందు కొట్టాడు" అన్నదాని మీద ఆశ పెట్టుకుంటారు. చట్టం అంతకన్నా కాస్త వివరంగా చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణ కోసం చేసింది నేరం కాదు. తనను తానే కాదు, పక్కవాణ్ణి కాపాడటం కూడా ఆ హక్కులోదే. అయితే 37వ సెక్షన్ దానికి హద్దు గీసింది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు, అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. గల్లా వదిలించుకోవడానికి తోస్తే అది రక్షణ. వదిలేసి పోతున్నవాణ్ణి వెనక నుంచి తన్నితే అది దాడి. రేపు చూసుకుందామని దోస్తులను వెంటేసుకుని పోతే, చెప్పనక్కర్లేదు.

ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దాన్ని తీవ్ర గాయం కింద లెక్కేస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు పోతుంది. అంతదాకా పోకముందే బళ్లో ఇంకో న్యాయం జరుగుతుంది: ఎవరు మొదలుపెట్టారో చూసినవాళ్లు ఉండరు, ఎవరికి రక్తం వచ్చిందో మాత్రం అందరికీ కనిపిస్తుంది. మూడు నెలలుగా ఏడిపిస్తున్నవాడు బాధితుడైపోతాడు, ఒక్కసారి గుద్దినవాడి చేతిలో టీసీ పెడతారు. పెద్దవాళ్ల కళ్లముందు విడిపించుకునే కదలికకు, కొట్టే కదలికకు తేడా కనిపించడం అందుకే ముఖ్యం. అరచేతులు తెరిచి ముందుకు పెట్టి "వద్దు, వదులు" అని గట్టిగా అనడం కూడా ఒక సాధనే. చేతులు మొహానికి కాపలాగా ఉంటాయి, చుట్టుపక్కలవాళ్ల చెవిన మాట పడుతుంది.

యుద్ధవిద్య నేర్చుకుంటే పిల్లలు దారి తప్పుతారా, దారిలో పడతారా అన్నదానికి సమాధానం నేర్పేవాణ్ణి బట్టి ఉంది. 1986లో అచ్చయిన ఒక చిన్న అమెరికన్ అధ్యయనం 34 మంది దుడుకు కుర్రాళ్లను మూడు గుంపులుగా చేసి ఆరు నెలలు చూసింది. మర్యాద, ధ్యానం, ఎప్పుడు వాడకూడదో చెప్పే మాటలతో కలిపి తైక్వాండో నేర్చుకున్న గుంపులో దుడుకుతనం తగ్గింది. కొట్టడం ఒక్కటే నేర్పిన గుంపులో పెరిగింది. నార్వేలో బడి వేధింపుల మీద పరిశోధనకు ఆద్యుడైన డాన్ ఓల్వేయస్, సహ పరిశోధకురాలితో కలిసి 2005లో ఇంకా చేదు మాట చెప్పాడు: బాక్సింగ్, కుస్తీ, యుద్ధవిద్యల్లాంటి బలప్రదర్శన ఆటల్లోకి పోయిన మగపిల్లల్లో బయట గొడవలు పెరిగాయని. కబడ్డీ, కుస్తీ అని ఇంతసేపు పొగిడిన నాకు ఈ రెండోది మింగుడు పడలేదు. కానీ తీసిపారేయలేను. మా కాలేజీలో గొడవలకు పిలిచేది కూడా కరాటే బ్యాచ్‌నే.

చుట్టూ నిలబడ్డవాళ్లు

కెనడాలో పరిశోధకులు స్కూల్ గ్రౌండ్లలో పిల్లల మధ్య వేధింపులను దూరం నుంచి చిత్రించి, 2001లో ప్రకటించారు. పదింట తొమ్మిది సందర్భాల్లో చుట్టూ తోటిపిల్లలు ఉన్నారు. వాళ్లు కలగజేసుకున్నది ఐదింట ఒకసారే. కలగజేసుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో, 57 శాతం, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఏ బ్లాక్ బెల్టూ పది సెకన్లలో ఇంత తేలిగ్గా గొడవ ఆపలేదు.

ఇది మన నల్లగొండకు కొత్త పాఠం కాదు. 1940లలో సంఘం (ఆంధ్ర మహాసభ) పిలుపు మీద పల్లెల్లో జనం గుత్పలు అనే దుడ్డుకర్రలు, వడిసెలలు పట్టుకుని దొరల గూండాలకు ఎదురు నిలబడ్డారు. ఆడవాళ్లు కారం పొడి, రోకళ్లు పట్టుకున్నారు. గుత్ప తిప్పడం అందరికీ బాగా వచ్చి కాదు, ఊరంతా ఒక్కసారి గడప దాటినందుకే గూండాలు వెనక్కి తగ్గారు. బస్సులో వెనక సీటు బ్యాచ్‌ను గడీ దొరలతో పోల్చడం అతిగా ఉందంటే ఒప్పుకుంటాను. కానీ ఒంటరిగా కూర్చున్న పిల్లాడినే వాళ్లు ఎంచుకుంటారన్నది అబద్ధం కాదు. కరాటే క్లాసులో దొరికే గొప్ప లాభం నిజానికి ఇదే కావచ్చు, అదే స్కూలు పిల్లలు ఇంకో ఇద్దరు ముగ్గురు దోస్తులవుతారు.

ఆడపిల్లల సంగతి వేరు

సర్కారు బళ్లలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఉంది. సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరుతో నడిచే ఈ పథకంలో మూడు నెలలు నేర్పుతారు. కస్తూర్బా విద్యాలయాల్లోనూ ఇస్తారు. ఎదిగే వయసులో, గొంతెత్తొద్దని విని పెరిగిన అమ్మాయికి "హా" అని బిగ్గరగా అరిచే అవకాశం రావడమే పెద్ద విషయం. మూడు నెలల్లో పిడికిలి బలం రాదు, గొంతు వస్తుంది.

అయితే చాలాచోట్ల నేర్పేది చీకటి సందులో ఎదురయ్యే కొత్తవాణ్ణి ఎదుర్కోవడం. జాతీయ నేర గణాంకాల్లో ఏటికేడు కనిపించేది వేరు. అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లే: చుట్టమో, పొరుగువాడో, స్నేహితుడో, పాఠం చెప్పేవాడో. తెలిసినవాడి కళ్లలో పొడవమంటే ఏ అమ్మాయికీ చెయ్యి రాదు. కెనడాలో మూడు యూనివర్సిటీల మొదటి సంవత్సరం అమ్మాయిలు 893 మందితో చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. పన్నెండు గంటల శిక్షణ. అందులో దెబ్బలు కొన్నే. ఎక్కువ భాగం పరిచయస్తుడి ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తుపట్టడం, "ఏమనుకుంటాడో" అనే మొహమాటాన్ని దాటడం, గట్టిగా కాదనడం. ఏడాది తర్వాత చూస్తే అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ పొందిన వాళ్లలో 5.2 శాతం, పొందని వాళ్లలో 9.8 శాతం. దాదాపు సగానికి తగ్గింది. మన మూడు నెలల క్లాసులో ఇట్లాంటి మాటలకు వారానికి ఒక్క గంటైనా పెట్టొచ్చు.

కొట్టేది టీచరే అయితే ఏ విద్యా వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బళ్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. లైంగిక వేధింపైతే పోక్సో చట్టముంది, తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే. 1098 అనే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు పిల్లల నోటికి పద్యంలా రావాలి. హెయాన్ షోదన్‌లో ఇరవై ఒక్క కదలికలు గుర్తుపెట్టుకునేవాడికి నాలుగంకెలు ఎంత?

తర్వాత

మేం మొదట పోయింది కరాటే క్లాసుకు కాదు, స్కూలుకు. క్లాస్ టీచర్ "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అండీ" అన్నారు. తేదీలు, బస్సు నంబరు, ముగ్గురి పేర్లు రాసిన కాగితం మా చెల్లె బల్ల మీద పెట్టింది. అప్పుడు మాట మారింది. వాణ్ణి బస్సులో డ్రైవర్ వెనక సీట్లోకి మార్చారు, ఆ ముగ్గురి ఇళ్లకు ఫోన్లు పోయాయి. ఎగతాళి మొత్తం ఆగలేదు, చెయ్యి వేయడం ఆగింది. వాడు సాయంత్రాలు పీఈటీ సార్ దగ్గర కబడ్డీకి పోతున్నాడు. ఆదివారం కరాటే కూడా. తెల్ల డ్రెస్ కావాలని పట్టుబట్టాడు, కొన్నాం. ఆ వయసులో అదో సరదా.

ఉగాదికి వచ్చినప్పుడు పచ్చడి తినీ తినకముందే నన్ను వాకిట్లోకి లాక్కుపోయాడు. "గల్లా పట్టుకో మామా, గట్టిగ పట్టుకోవాలె." పట్టుకున్నాను. గడ్డం దించాడు, నా చేతిని ఛాతీకి అదిమాడు, గిర్రున తిరిగాడు. పట్టు వదిలింది. నేను తూలి తులసి గద్దె పట్టుకుని నిలబడ్డాను. వాడి కొత్త చొక్కా పై గుండీ ఊడి గచ్చు మీద టక్కుమని పడింది.

చప్పుడుకు మా చెల్లె గరిట పట్టుకునే బయటికి వచ్చింది. కింద గుండీ చూసింది, వాడి మెడ దగ్గర చూసింది.

"ఎట్లా ఊడిందిరా?" అని అడిగింది.